జేఈఈ అలవాటుతో ఈఏపీసెట్‌లో స్పీడు రావట్లేదు, ఏం చేయాలి?

అన్నలూ, అక్కలూ, కొంచెం సలహా కావాలి. నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. రెండేళ్లుగా జేఈఈ మెయిన్ లెక్కలే చేస్తున్నా. అక్కడ మూడు గంటల్లో 75 ప్రశ్నలు, తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది కాబట్టి నమ్మకం లేనివి వదిలేయడం బాగా అలవాటైపోయింది.

ఈఏపీసెట్‌లోనూ అవే మూడు గంటలు, కానీ ప్రశ్నలు 160. మ్యాథ్స్ ఒక్కటే 80! ప్రశ్నకు నిమిషం దాటి ఏడెనిమిది సెకన్లు.

నిన్న ఇంట్లో మాక్ టెస్టు రాశాను. ఒక డెఫినిట్ ఇంటిగ్రల్ దగ్గర ఇరుక్కుని, పద్ధతిగా సబ్‌స్టిట్యూషన్ చేసుకుంటూ పోయి తలెత్తేసరికి ఆరు నిమిషాలు అయిపోయాయి. ఆన్సర్ వచ్చింది, అది వేరే సంగతి. చివరికి 23 ప్రశ్నలు ఖాళీ. ఇక్కడ నెగెటివ్ మార్కులు లేవని తెలిసి కూడా చెయ్యి ఆప్షన్ మీదకి పోలేదు. అదే ఎక్కువ కోపం తెప్పించింది.

రెండూ రాసినవాళ్లు చెప్పండి: మీరు ముందు కెమిస్ట్రీ ముగించి మ్యాథ్స్‌కి వెళ్లారా, లేక మ్యాథ్స్‌తోనే మొదలుపెట్టారా? ఆప్షన్లలో విలువలు వేసి చూసే పద్ధతి ఏ చాప్టర్లలో నిజంగా పనికొచ్చింది? జేఈఈ ఏప్రిల్ సెషన్ కూడా రాయాలి, కాబట్టి అది పూర్తిగా పక్కన పెట్టలేను. రోజు మార్చి రోజు ప్రాక్టీస్ చేస్తే రెండు అలవాట్లూ కలిసిపోయి అసలుకే మోసం వస్తుందేమోనని భయం.

"బాగా చదువు, అన్నీ వస్తాయి" అని మాత్రం అనకండి, అది ఇంట్లో రోజూ వింటున్నా.