డల్లాస్ నుంచి కొలరాడో: ప్రెసిడెంట్స్ డే వీకెండ్‌కి మొదటిసారి స్కీయింగ్, ప్లాన్ కాస్త చూసి చెప్పండి

ప్లేనో_వాసి అడుగుతున్నారు:

నమస్తే అండీ. ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వీకెండ్‌కి (సోమవారం సెలవు) కొలరాడో వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ పాప, వరంగల్ నుంచి వచ్చి ఉన్న అమ్మా నాన్నా. ఎవరికీ స్కీయింగ్ రాదు. మేం ముగ్గురం నేర్చుకుంటాం, అమ్మా వాళ్ళకి మంచు చూస్తే చాలు. నాన్నకి బీపీ ఉంది, మందులు వాడుతున్నారు.

శుక్రవారం రాత్రి డెన్వర్‌లో దిగి అక్కడే హోటల్. శనివారం ఎనిమిదింటికి బయల్దేరి బ్రెకెన్‌రిడ్జ్, మధ్యాహ్నం నుంచి స్కీయింగ్. ఆదివారం రోజంతా. సోమవారం లంచ్ చేసి కిందికి దిగి, సాయంత్రం ఆరున్నర ఫ్లైట్. టికెట్లు అక్కడ కౌంటర్లో కొందామని. ఇంకా నవంబరే కాబట్టి మార్చుకోవడానికి టైముంది. బ్రెకెన్‌రిడ్జా, కీస్టోనా? ఏ కారు తీసుకోవాలి? ఏవి కొనాలి, ఏవి అద్దెకి దొరుకుతాయి?

---

లేక్‌వుడ్_తెలుగు:

మూడు చోట్ల దెబ్బ తింటారు: శనివారం ఎనిమిది గంటలు, సోమవారం ఆరున్నర ఫ్లైటు, కౌంటర్ టికెట్లు.

ముందు టికెట్లు. పండగ వీకెండ్‌లో పెద్ద రిసార్టుల కౌంటర్ దగ్గర ఒక్కరోజు లిఫ్ట్ టికెట్ (కొండ పైకి తీసుకెళ్ళే కుర్చీలు ఎక్కడానికి) 200 డాలర్లు దాటుతుంది. బ్రెక్ (బ్రెకెన్‌రిడ్జ్), కీస్టోన్ రెండూ వేల్ రిసార్ట్స్ కంపెనీవే. వాళ్ళ ఎపిక్ డే పాస్ ఒక రోజు నుంచి ఏడు రోజుల దాకా ఎన్ని కావాలంటే అన్ని కొనుక్కోవచ్చు, కౌంటర్ ధరలో సగానికి అటూ ఇటూగా వస్తుంది. కానీ డిసెంబర్ మొదట్లోనే అమ్మకం ఆపేస్తారు, కాబట్టి ఈ నెలలోనే తేల్చండి. కొనేటప్పుడు రెండు చూడండి. పండగ రోజుల్లో చెల్లేది, చెల్లనిది అని రెండు రకాలుంటాయి. చెల్లనిది చవక, కానీ ప్రెసిడెంట్స్ డే వీకెండ్‌కి పనికిరాదు. రెండోది, అన్ని రిసార్టులకీ చెల్లే పాస్ కంటే కీస్టోన్ ఉన్న మధ్య రకం తక్కువకొస్తుంది, అందులో బ్రెక్ ఉండదు. మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి కొన్ని పాఠాల్లో బిగినర్ లిఫ్ట్ టికెట్ కలిపే ఇస్తారు. అలాంటి పాఠం తీసుకున్న రోజుకి విడిగా పాస్ దండగ.

ఇక రోడ్డు. డెన్వర్ ఎయిర్‌పోర్ట్ నుంచి కీస్టోన్ 90 మైళ్ళ పైనే, ఖాళీ రోడ్డయితే రెండు గంటల లోపు. శనివారం ఉదయం ఆరు నుంచి పది దాకా ఐ-70 హైవే మీద పడమర వైపు వెళ్ళేవాళ్ళంతా ఒకేసారి ఎక్కుతారు, మీరు చెప్పిన ఎనిమిది సరిగ్గా దాని నడిబొడ్డు. ఐదింటికల్లా డెన్వర్ దాటండి, లేదా పదకొండు తర్వాత తాపీగా కదలండి. తిరుగు ప్రయాణం దీనికి అద్దంలో బొమ్మ: సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి చీకటి పడేదాకా డెన్వర్ వైపు నత్తనడక. ఆరున్నర ఫ్లైట్ కావాలంటే పదింటికే దిగాలి. ఫ్లైట్‌ని రాత్రి తొమ్మిదిన్నర తర్వాతకో, మంగళవారం తెల్లవారుజాముకో మార్చుకోండి.

కారు ఆల్ వీల్ డ్రైవ్ (ఏడబ్ల్యూడీ, నాలుగు చక్రాలూ తిప్పే రకం) తీసుకోండి. సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా మోరిసన్, డాట్‌సెరో మధ్య ఐ-70 మీద ట్రాక్షన్ చట్టం, అంటే మంచులో జారని టైర్లు ఉండాలనే నియమం ఉంటుంది. ఏడబ్ల్యూడీ అయినా టైరు గాడి లోతు 3/16 అంగుళం, అంటే దాదాపు 4.8 మిల్లీమీటర్లు తగ్గకూడదు. టూ వీల్ డ్రైవ్ అయితే ఆ లోతుతో పాటు ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) ముద్ర ఉన్న టైర్లో, వింటర్ టైర్లో ఉండాలి. లేదంటే టైర్లకి చుట్టే చైన్లు దగ్గర పెట్టుకోవాలి. అద్దె కంపెనీలు మామూలుగా చైన్లు ఇవ్వవు, వేయనివ్వవు కూడా. జరిమానా 130 డాలర్ల పైన, మీ కారు వల్ల దారి మూసుకుపోతే 650 పైన. కౌంటర్‌లో ఏడబ్ల్యూడీ అని రాసిచ్చినంత మాత్రాన నమ్మొద్దు, పార్కింగ్‌లోనే నాలుగు టైర్ల గాడీ చూసి, అరిగినవుంటే అక్కడే మార్పించుకోండి.

దారిలో ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంటుంది. అది దాటగానే సిల్వర్‌థార్న్ దాకా బాగా వాలు. బ్రేక్ తొక్కి పట్టుకోకుండా తక్కువ గేర్‌లో దిగండి. కీస్టోన్‌కి ఎగ్జిట్ 205, బ్రెక్‌కి 203. ట్రాఫిక్ ఉన్నప్పుడు ఫోన్ మ్యాప్ ఒక్కోసారి లవ్‌లాండ్ పాస్ మీదుగా తిప్పుతుంది. 11,990 అడుగుల ఎత్తు, హెయిర్‌పిన్ మలుపులు, చాలాచోట్ల అంచున రెయిలింగ్ ఉండదు, ప్రమాదకర సరుకు లారీలు కూడా అటే వస్తాయి. మంచు డ్రైవింగ్ అలవాటు లేకపోతే ఆ దారి ముట్టుకోవద్దు. మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ద్రావణం అద్దానికి పూసుకుపోయి ఎదురెండలో ఏమీ కనబడదు. గడ్డకట్టని రకం వాషర్ ద్రవం ఒక గ్యాలన్ ఎయిర్‌పోర్ట్ దాటగానే కొనండి. బయల్దేరే ముందు రోడ్ల పరిస్థితి చెప్పే సీఓట్రిప్ సైట్ చూడటం మర్చిపోవద్దు.

---

ఫ్రిస్కో_బూట్లు:

బ్రెకా, కీస్టోనా అంటే మీకు కీస్టోనే. బ్రెక్ ఊరు అందంగా ఉంటుంది, కానీ అక్కడ మీరు డబ్బు కట్టేది పైనున్న 12,998 అడుగుల శిఖరానికి, మీరు దాని దరిదాపులకి కూడా వెళ్ళరు. కీస్టోన్‌లో డెర్కమ్ మౌంటెన్ పైనుంచి కింద దాకా స్కూల్‌మార్మ్ అనే గ్రీన్ రన్ (అన్నిటికంటే తేలికైన వాలు) ఉంది, మూడున్నర మైళ్ళు. కాస్త ఆగడం వచ్చినవాళ్ళు ఒకే వాలు మీద పదిసార్లు కాకుండా నిజంగా కొండ దిగొచ్చు. బ్రెక్ చూడాలనిపిస్తే సమ్మిట్ స్టేజ్ బస్సు ఉచితం, సాయంత్రం వెళ్ళి రండి.

అద్దెకి తీసుకోవాల్సినవి: స్కీలు, బూట్లు, పోల్స్ (చేతి కర్రలు), హెల్మెట్. జాకెట్, ప్యాంట్ కూడా అద్దెకి దొరుకుతాయి. కొనాల్సినవి: సాక్స్, గ్లవ్స్, లోపలి థర్మల్స్, గాగుల్స్. పాపకి గ్లవ్స్ బదులు వేళ్ళన్నీ ఒకేచోట ఉండే మిట్టెన్స్. జీన్స్, కాటన్ బనియన్, కాటన్ సాక్స్ మంచు మీదకి వద్దే వద్దు. కాటన్ చెమటని పీల్చి తడిగానే ఉంటుంది, లిఫ్ట్ మీద గాలి తగలగానే వణుకు మొదలవుతుంది. ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన నీళ్ళు చొరబడని జాకెట్, అంతే. డల్లాస్‌లో వేసుకునే లావు జాకెట్ ఒక్కటి వేసుకుంటే గంటలో ఉడికిపోతారు, విప్పితే చలి.

మొదటి రోజు పాడయ్యేది సగం మందికి బూట్ల వల్లే, కాబట్టి ఇది నిదానంగా చదవండి. స్కీ బూటు సైజు సెంటీమీటర్లలో, పాదం పొడవు కొలిచి తీసుకుంటారు. నొక్కేస్తోందని చాలామంది ఒక సైజు పెద్దది అడుగుతారు. అదే పొరపాటు. వదులైన బూటులో పాదం కదులుతుంది, స్కీ మాట వినదు, దాన్ని బిగించడానికి బకిల్స్ లాగేసరికి పైన నరం నొక్కుకుని పాదం మొద్దుబారుతుంది. సరైన బూటులో నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడకి తగలాలి, మోకాళ్ళు ముందుకి వంచితే కాస్త వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. సాక్స్ ఒక్క జతే, పల్చటిది, మోకాలి దాకా. చలి అని రెండు జతలు వేస్తే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. థర్మల్ ప్యాంట్ అంచుని బూటులోకి దోపొద్దు, ఆ మడత ముంగాలి ఎముక మీద కూర్చుని మధ్యాహ్నానికి చర్మం లేచిపోతుంది. బూటులోపల సాక్స్ తప్ప ఇంకేం ఉండకూడదు. కింది రెండు బకిల్స్ వదులుగా, పై రెండు గట్టిగా.

షాపులో బరువు, ఎత్తు, వయసు అడుగుతారు. బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) ఎంత బలానికి ఊడాలో దాన్ని బట్టే పెడతారు. బరువు తగ్గించి చెబితే ఊరికే ఊడిపోతుంది. పెంచి చెబితే పడ్డప్పుడు ఊడక మోకాలి మీదికొస్తుంది. ఎలా స్కీ చేస్తారని అడిగితే టైప్ 1 (నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్ళేవాళ్ళు) అనండి, మొహమాటం వద్దు. స్కీ పొడవు మీ గడ్డం దగ్గరకొస్తే చాలు. ఇవన్నీ ముందురోజు సాయంత్రమే తీసుకోండి. ఉదయం ఎనిమిదిన్నరకి షాపులో క్యూ చూస్తే పాఠం టైము అక్కడే అయిపోతుంది.

---

కార్డియో_అరోరా:

పెద్దవాళ్ళ సంగతి. కీస్టోన్ కింది భాగమే 9,280 అడుగులు, బ్రెక్ 9,600. డల్లాస్ నుంచి నేరుగా అక్కడికెళ్ళి పడుకుంటే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే, వయసులో ఉన్నవాళ్ళకీ వస్తాయి. అందుకే డెన్వర్‌లో 5,280 అడుగుల దగ్గర మొదటి రాత్రి ఆగడం మంచి ఆలోచన, మార్చొద్దు. మొదటి రెండు రోజులూ మద్యం జోలికి పోవద్దు.

నాన్నగారికి వెళ్ళేముందు డాక్టర్ సలహా తప్పనిసరి. ఎత్తులో బీపీ పెరగొచ్చు, మాత్రల్లో నీళ్ళు తీసే రకం ఉంటే ఆ పొడిగాలిలో ఒళ్ళు త్వరగా ఎండిపోతుంది. బీపీ మిషన్ వెంట ఉంచుకోండి, మాత్రలు చేతి సంచిలోనే. ఎత్తు బాధ రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి ఇస్తారు. కానీ అది డాక్టర్ రాస్తేనే, ఒకరి మాత్రలు ఇంకొకరికి పంచొద్దు. షాపుల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల ముచ్చట.

కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నడకలో తూలడం, మాట తడబడటం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. 911కి ఫోన్ చేయండి. ఇలాంటప్పుడు అసలు మందు కిందికి దిగడమే.

విజిటర్ ఇన్సూరెన్స్‌లో స్కీయింగ్, ట్యూబింగ్ (ట్యూబ్ మీద కూర్చుని మంచులో జారడం) వంటివి చాలావాటిలో మినహాయింపులో ఉంటాయి, కాగితం తీసి చదవండి. పెద్దవాళ్ళకి బ్రెక్ ఊరి నుంచి పీక్ 8 అనే కొండ దాకా గొండోలా (మూసి ఉండే కేబుల్ కారు) ఉచితం, నడిచి ఎక్కి కూర్చోవచ్చు. వాళ్ళకి ఆ ఒక్క సరదా చాలు.

---

గోల్డెన్_నుంచి:

పైన డెన్వర్ రాత్రి గురించి చెప్పినదానితో పెద్దవాళ్ళ వరకూ ఏకీభవిస్తాను, కానీ స్కీయింగ్ చేసేవాళ్ళకి దానికో ఖరీదుంది. ఎత్తు బాధ సాధారణంగా చేరిన 6 నుంచి 12 గంటల్లో మొదలై, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. శనివారం మధ్యాహ్నం చేరితే శనివారం రాత్రి, ఆదివారం పొద్దున తలనొప్పి, అంటే సరిగ్గా మీ అసలు స్కీ రోజున. శనివారం మంచు మీదకి వెళ్ళాలనే పట్టు వదిలేయండి. చేరడం, బూట్లు అమర్చుకోవడం, ఊళ్ళో నడవడం, తొందరగా పడుకోవడం. ఆదివారం, సోమవారం పాఠాలు. దానికి ఫ్లైట్ మంగళవారానికి మార్చక తప్పదు. హోటల్ కూడా ఎయిర్‌పోర్ట్ పక్కన కాకుండా గోల్డెన్‌లోనో లేక్‌వుడ్‌లోనో తీసుకుంటే ఊరు దాటే పని ముందే అయిపోతుంది.

---

ప్లేనో_వాసి:

చాలా థాంక్స్ అండీ. ఫ్లైట్ మంగళవారం ఉదయానికి మార్చాను, కీస్టోన్‌లో కిచెన్ ఉన్న కాండో చూస్తున్నాం. రెండు సందేహాలు. పాఠాలు నిజంగా అవసరమా, యూట్యూబ్ చూసి వెళ్తే కుదరదా? అక్కడ వంట మామూలుగానే అవుతుందా?

---

ఫ్రిస్కో_బూట్లు:

యూట్యూబ్‌తో కుదరదు, ఎందుకంటే భయం వేయగానే ఒళ్ళు వెనక్కి వాలుతుంది, అది మీకు తెలియదు. వెనక్కి వాలితే స్కీ ముందు భాగం మీద బరువు ఉండదు, తిరగదు, వేగం పెరుగుతుంది, ఇంకా వెనక్కి వాలుతారు. పక్కన నిలబడి చెప్పేవాళ్ళుండాలి. పాపకి పిల్లల స్కీ స్కూల్ రోజంతా పెట్టండి, పండగ వీకెండ్ సీట్లు ముందే నిండిపోతాయి. ఆలుమగలు ఒకరికొకరు నేర్పుకోవడం మాత్రం వద్దు, కాపురం ముఖ్యం.

ముందే తెలిసుంటే మేలు చేసేవి కొన్ని. ఆగడానికి స్కీల ముందు కొనలు దగ్గరగా, పిడికిలంత ఎడంతో, మడమలు బయటికి తోయాలి. పిల్లలకి దీన్నే పిజ్జా అని నేర్పుతారు. తిరగడానికి భుజాలు తిప్పొద్దు: ఎడమకి వెళ్ళాలంటే కుడి కాలి మీద బరువు వేయండి. ముంగాలు ఎప్పుడూ బూటు నాలుకకి ఆనుకునే ఉండాలి, ఆ ఒత్తిడి తెలియలేదంటే వెనక్కి వాలినట్టే. అదుపు తప్పితే పక్కకి పడండి. జారుతూ జారుతూ లేవబోవద్దు, మోకాలి లిగమెంట్లు తెగేది అలాంటప్పుడే. పూర్తిగా ఆగాక స్కీలు రెండూ వాలుకి అడ్డంగా పెట్టుకుని లేవాలి.

లిఫ్ట్ దగ్గర పోల్స్ రెండూ ఒకే చేతిలో, పట్టీలు మణికట్టు నుంచి తీసేసి, భుజం మీదుగా కుర్చీని చూస్తూ కూర్చోండి. పైన దిగేటప్పుడు స్కీ కొనలు పైకెత్తి, గీత రాగానే నిలబడి నేరుగా జారండి. దిగినచోటే ఆగితే వెనకవాళ్ళు మీద పడతారు. దిగేటప్పుడు తడబడితే కేక వేయండి, ఆపరేటర్ లిఫ్ట్ ఆపుతాడు, రోజూ జరిగేదే. వాలు మీద కిందున్నవాళ్ళకే దారి హక్కు, తప్పించుకోవాల్సింది పైనుంచి వచ్చేవాళ్ళే. గ్రీన్ వలయం గుర్తున్న తేలిక వాలులు దాటి, బ్లూ చతురస్రం గుర్తున్న కాస్త కష్టమైన వాటి వైపు రెండో రోజు దాకా చూడకండి.

---

సిల్వర్‌థార్న్_వంటిల్లు:

వంట మామూలుగా అవదు. ఆ ఎత్తులో నీళ్ళు దాదాపు 91 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి, ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. మామూలు గిన్నెలో కందిపప్పు గంటలు గడిచినా పలుకుగానే ఉంటుంది. ఇన్‌స్టంట్ పాటో, ఇంట్లో కుక్కరో తీసుకెళ్ళండి. కుక్కర్‌లో కూడా ఇంట్లో పట్టే టైముకి మూడో వంతు పైన కలపండి. పెసరపప్పు అయితే తేలిక. బియ్యం అరగంట నానబెట్టి, గ్లాసుకి పావు గ్లాసు నీళ్ళు ఎక్కువ పోస్తే రైస్ కుక్కర్‌లో మెతుకు మధ్యలో గట్టిగా మిగలదు. టీ కాస్త ఎక్కువసేపు మరిగించాలి, లేకపోతే రంగే ఉంటుంది.

కూరలు, పెరుగు డెన్వర్ వైపే కొనేయండి, కొండ మీద పండగ వీకెండ్ సాయంత్రాలకి షెల్ఫులు ఖాళీ. మంచు మీదకి పులిహోర కంటే చపాతీ రోల్ మేలు, చేతులు చల్లబడ్డాక స్పూన్ పట్టుకోలేరు. చిప్స్ ప్యాకెట్లు ఉబ్బి పగులుతాయి, షాంపూ సీసా మూత తీస్తే చిమ్ముతుంది, ముందే గాలి తీసేయండి.

సన్‌స్క్రీన్ వాడని మన అలవాటు ఇక్కడ చెల్లదు. మంచు కింది నుంచి ఎండని తిరగ్గొడుతుంది కాబట్టి గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయాలి, రెండు గంటలకోసారి. పాపకి గాగుల్స్ తీయనివ్వొద్దు.

---

లేక్‌వుడ్_తెలుగు:

సోమవారం సాయంత్రం స్కీలు తిరిగివ్వడం షాపు మూసేలోపే కానివ్వండి, ఒక్క రాత్రి దాటినా ఇంకో రోజు అద్దె వేస్తారు. మంగళవారం ఉదయం ఎయిర్‌పోర్ట్‌కి మూడున్నర గంటల లెక్కతో బయల్దేరండి. రాత్రి మంచు పడితే టన్నెల్ దగ్గర కార్లని ఆపి ఆపి వదులుతారు.