ద్రావణంలో వెలిగే పాలిమర్, పొరగా వేస్తే ఎందుకు మసకబారుతోంది?

ప్రశ్న: క్లోరోఫామ్‌లో కరిగించిన పాలీఫ్లోరీన్ (ఫ్లోరీన్ అనే కార్బన్ వలయాల అణువుల గొలుసు) 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద నిండు నీలంగా వెలుగుతోంది. గాజుపలక మీద స్పిన్ కోటింగ్ (పలకను గిరగిరా తిప్పి పలుచని పొర పరచడం) చేస్తే మసక. హాట్‌ప్లేట్ మీద పెట్టాక ఆకుపచ్చకు తిరుగుతోంది. టీఎన్‌టీ (పేలుడు పదార్థం) ఆవిరిని పట్టే సెన్సర్‌కి దీన్ని వాడొచ్చా?

జవాబు 1: ఇవి రెండు వేర్వేరు సమస్యలండీ. మసక రావడానికి కారణం పాలిమర్ గొలుసులు ఒకదానికొకటి అతుక్కోవడం. ఆకుపచ్చ వచ్చేది ఫ్లోరీన్ యూనిట్‌లోని 9వ కార్బన్ ఆక్సీకరణ చెంది, ఆ యూనిట్ ఫ్లోరెనోన్ (ఆకుపచ్చగా వెలిగే రూపం) అయినందుకు. నూటికి ఒక యూనిట్ మారినా చాలు, గొలుసు పొడవునా పరిగెత్తే శక్తి అక్కడే చిక్కుకుంటుంది. నైట్రోజన్‌లో వేడిచేయండి. అంతకంటే ముఖ్యం, మోనోమర్‌లో (పాలిమర్ తయారీకి వాడే చిన్న అణువు) 9వ కార్బన్ మీద రెండుకు బదులు ఒకే ఆల్కైల్ గొలుసు (కార్బన్-హైడ్రోజన్ తోక) ఉన్న ఫ్లోరీన్ మిగలకుండా శుద్ధి చేయడం. ఆక్సిజన్ మొదట పట్టేది దాన్నే.

జవాబు 2: సెన్సర్‌కైతే డిజైనే మార్చాలి. 1998లో అమెరికాలోని ఎంఐటీలో రసాయన శాస్త్రవేత్త స్వాగర్ బృందం పాలిమర్ గొలుసులో పెంటిప్టిసీన్ అనే అణుభాగం పెట్టింది. ఆ గుబురు ఆకారం గొలుసుల్ని ఎడంగా నిలబెట్టి, టీఎన్‌టీ దూరడానికి సందులిస్తుంది. టీఎన్‌టీ ఎలక్ట్రాన్‌ను లాక్కోగానే వెలుగు పడిపోతుంది. పొర కొద్ది నానోమీటర్లే ఉండాలి, మందమైతే ఆవిరి లోపలికి చేరేసరికి ఆలస్యం.

జవాబు 3: వెలుగు ఒక్కటే కావాలంటే పీఎంఎంఏలో (పారదర్శక యాక్రిలిక్ ప్లాస్టిక్) బరువుకి 1 శాతం కలపండి, మసక చాలావరకు పోతుంది. సెన్సర్‌కి మాత్రం వద్దు, పీఎంఎంఏ ఆవిరికి అడ్డుపడుతుంది.