కొత్త పోకర్ సైట్‌లో చేయి తిరగడం లేదు

సైట్ మారాను. ఆట అదే హోల్డెమ్ (పోకర్‌లో ఒక రకం), కానీ బటన్లు వేరే చోట, టైమర్ గబగబా అయిపోతోంది, ఫోల్డ్ (ముక్కలు వదిలేసి తప్పుకోవడం) బదులు కాల్ (ఎదుటివారి పందేనికి సరిపడా పెట్టడం) నొక్కేస్తానేమోనని ఒకటే టెన్షన్. ఎలా అలవాటు పడాలి?

జవాబు: ముందు సెట్టింగ్స్ చూడండి. నాలుగు రంగుల డెక్ పెట్టుకుంటే స్పేడ్, క్లబ్ కలగాపులగం కావు, పందేలను బిగ్ బ్లైండ్లలో (ముక్కలు పంచకముందే తప్పనిసరిగా పెట్టే రెండు పందేల్లో పెద్దది) చూపించే ఆప్షన్ ఉంటే ఎవరి దగ్గర ఎంత స్టాక్ (చిప్స్) ఉందో ఇట్టే తెలుస్తుంది. టైమ్ బ్యాంక్ (ఆలోచించుకోడానికి ఇచ్చే అదనపు సమయం) దానంతటదే మొదలవుతుందా, మనమే నొక్కాలా అన్నదీ చూసుకోండి.

జవాబు: రేక్ (పందెం సొమ్ములోంచి సైట్ తీసుకునే కమిషన్) మర్చిపోకండి! శాతం ఒకటే అయినా గరిష్ఠ పరిమితి సైట్‌ని బట్టి మారుతుంది, చిన్న స్టేక్స్‌లో (తక్కువ పందేల ఆటల్లో) లాభమంతా అక్కడికే పోతుంది. ఎదుటి ఆటగాళ్ల గణాంకాలు తెరపై చూపే హడ్ (HUD) సాఫ్ట్‌వేర్ కొన్నిచోట్ల నిషేధం, రూల్స్ చదవండి.

జవాబు: కొన్నాళ్లు ఒక్క టేబులే, అదీ తక్కువ స్టేక్‌లో. అక్కడి జనం బ్లఫ్‌కి ఫోల్డ్ చేసే రకమో కాదో ముందు గమనించండి.