సీ డ్రైవ్‌ల 38 జీబీ ఎటు పోయినట్టు? ఫార్మాట్ కొట్టాల్నా, వెతకాల్నా?

పాకాల పిక్సెల్:
విండోస్ 11, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. సీ 120 జీబీ, డీ 117. ఇంట్ల పెండ్లి ఆల్బంల డిజైన్‌కు వాడే సిస్టమ్. సీ ప్రాపర్టీస్‌ల 109 జీబీ వాడినట్టు చూపిస్తుంది. లోపలికి పోయి, హిడెన్ ఫైల్స్ కూడా కనిపించేటట్టు పెట్టి అన్నీ సెలెక్ట్ చేస్తే 71 జీబీయే లెక్క తేలుతుంది. మిగిలిన 38 ఏ ఫోల్డర్‌ల లేదు. వారానికి రెండు మూడు జీబీ తగ్గుతనే ఉంది. హన్మకొండ చౌరస్తా దిక్కు ఒక షాపుల అడిగితే ఫార్మాట్ ఒక్కటే దారి అన్నరు. నిజమేనా?

కాజీపేట లూప్‌లైన్:
షాపాయన తప్పేం చెప్పలే. డేటా డీల ఉంటే ఫార్మాట్‌కు రెండు గంటలు. వెతుకుడు మొదలువెడితే రెండు రోజులు, దొరుకుతదన్న నమ్మకం లేదు. ఎస్ఎస్‌డీ గూడ నిండినా కొద్ది మెల్లగైతది, ఊరికెనే నానవెట్టొద్దు.

జమ్మికుంట జంక్:
ఆల్బం పని అంటున్నరు కాబట్టి ఫొటోషాప్ మీదనే అనుమానం. పని మధ్యల కరెంటు పోతే దాని టెంప్ ఫైళ్లు అట్లనే మిగిలిపోతయి, ఒక్కోటి జీబీల లెక్కన. రన్‌ల పర్సెంట్ టెంప్ పర్సెంట్ కొట్టి, పేరు ‘ఫొటోషాప్ టెంప్’ అని మొదలైనవన్నీ తీసెయ్యిండ్రి. తీసే ముందు ఫొటోషాప్ మూసుండాలె. వాట్సాప్‌ల ఆటో డౌన్‌లోడ్ కూడా ఆపుండ్రి. మేడారం జాతర వీడియోలు ఒక్క గ్రూపుల పడ్డా చాలు, డ్రైవ్ ఉబ్బుతది.

ఓరుగల్లు ఓల్టేజ్:
జంక్ అన్నా, మీరు చెప్పినవి మంచివే గానీ ఈ కేసుకు అతకవు. టెంప్ ఫైలైనా వాట్సాప్ వీడియో అయినా ఆయన సెలెక్ట్ చేసిన 71 జీబీ లోపలనే ఉంటది. ఇక్కడ పంచాయితీ ఆ లెక్కకు అందని 38 గురించి. ఈ రెండింటిని కలగలిపితే వారం వెతికినా ఏం దొరకదు.

ఆ 38ని ముక్కలు చేద్దాం. హిడెన్ ఫైల్స్ చూపించే టిక్ వేరు, ‘ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ దాచే టిక్ వేరు. రెండోది తియ్యకుంటే సీ డ్రైవ్ మొదట్లనే ఉన్న హైబర్‌ఫిల్ (హైబర్నేట్ అయినప్పుడు ర్యామ్‌ల ఉన్నది దాచే ఫైల్), పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే ఫైల్) రెండూ కనపడవు, లెక్కల పడవు. హైబర్‌ఫిల్ మామూలుగా ర్యామ్‌ల 40 శాతం, అంటే 8 జీబీకి 3.2 దాకా. పేజ్‌ఫైల్ 5 అనుకుందాం. అటు ఇటుగా 8 పోయింది, ఇంక 30 మిగిలింది.

దానికి నా అనుమానం సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్ మీద. దాంట్లకు పోయే హక్కు సిస్టమ్ అకౌంట్‌కే ఉంటది. అడ్మిన్‌గ పోయినా యాక్సెస్ డినైడ్ అంటది, సైజు సున్నా చూపిస్తది. రిస్టోర్ పాయింట్లు (సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చేటివి), షాడో కాపీలు (డ్రైవ్ ఒక క్షణంల ఎట్లుందో దాచే కాపీలు) అన్నీ ఉండేది దాంట్లనే. ఫైల్ మారినప్పుడల్లా పాత ముక్కను దాచుకుంటా పోతది కాబట్టి రోజూ పెద్ద పెద్ద పీఎస్‌డీలు (ఫొటోషాప్ ఫైళ్లు) సీ మీద సేవ్ చేసేటోళ్లకు తొందరగ పెరుగుతది.

కమాండ్ ప్రాంప్ట్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గ తెరిచి ‘వీఎస్ఎస్‌అడ్మిన్ లిస్ట్ షాడోస్టోరేజ్’ అని కొట్టి, యూజ్డ్, మ్యాగ్జిమం లైన్లు రెండూ ఇక్కడ రాయుండ్రి. ఇది ఉత్త చూసుడే, ఏదీ చెరిగిపోదు.

లష్కర్‌బజార్ 64బిట్:
కరెంటు పోకలతోని డిస్క్ లెక్క తప్పి ఉండొచ్చు కదా? ఎండకాలం ఇన్వర్టర్ లేని ఇండ్లల్ల ఇది చూస్తనే ఉంటం. చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు చూసే విండోస్ కమాండ్) వేస్తే ఎట్లుంటది?

ఓరుగల్లు ఓల్టేజ్:
వెయ్యొచ్చు. ముందు స్లాష్ ఎఫ్ (తప్పులు సరిచెయ్యమనే గుర్తు) లేకుండ వేస్తే రిపోర్ట్ మాత్రమే ఇస్తది. స్లాష్ ఎఫ్ పెడితే రీస్టార్ట్ అడుగుతది, అది నడుస్తున్నప్పుడు కరెంటు పోవద్దు, యూపీఎస్ ఉండాలె. కానీ డిస్క్ లెక్క తప్పితే స్థలం ఒక్కసారే గల్లంతైతది. వారానికి రెండు మూడు జీబీ చొప్పున వరుసగ పోతుందంటే ఏదో ప్రోగ్రామ్ రాస్తున్నట్టే.

కాజీపేట లూప్‌లైన్:
ఇంత చదివే బదులు డీ నుంచి 30 జీబీ తీసి సీల కలిపితే పాయె కదా.

మంచిర్యాల ఎంబీఆర్:
కలవదు అన్నా, అంత సులువు కాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌ల సీని పెంచాలంటే ఖాళీ జాగ సీని ఆనుకొని కుడిపక్కనే ఉండాలె. డీని ష్రింక్ చేస్తే జాగ డీ చివర్ల వస్తది, ఎక్స్‌టెండ్ బటన్ బూడిద రంగుల్నే ఉంటది. డీ మొత్తం తీసేద్దామన్నా చానా సిస్టమ్‌లల్ల సీకి డీకి నడుమ రికవరీ పార్టిషన్ (విండోస్‌ను బాగుచేసేటందుకు పక్కకు పెట్టిన భాగం) అడ్డం ఉంటది. కలిపినా ఏం లాభం, రాస్తున్న ప్రోగ్రామ్ ఆ 30ని గూడ తింటది.

ఫార్మాట్ మాట కూడా చెప్తా. విండోస్ 11ల డివైస్ ఎన్‌క్రిప్షన్ తెలువకుండనే ఆన్ అయి ఉండొచ్చు. అప్పుడు సీతోపాటు డీకి కూడా తాళం పడుతది. సీని ఫార్మాట్ చేసి కొత్తగ ఎక్కించినంక డీ తెరవబోతే 48 అంకెల రికవరీ కీ అడుగుతది. ‘డేటా డీల ఉంది, ఫికర్ లేదు’ అన్న మాట అక్కడ తేలిపోతది. ముందుగాల ‘మేనేజ్ హైఫన్ బీడీఈ, స్పేస్, హైఫన్ స్టేటస్’ కొట్టి రెండు డ్రైవుల సంగతి చూసుకోవాలె.

పాకాల పిక్సెల్:
కొట్టిన. యూజ్డ్ 33.4 జీబీ. మ్యాగ్జిమం దగ్గర అన్‌బౌండెడ్, 100 శాతం అని ఉంది. హైబర్‌ఫిల్ 3.2, పేజ్‌ఫైల్ 5. కానీ ఇవన్నీ కలిపితే 41.6 అయితున్నయి, లోటు 38 కదా? ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, చెప్పుడు మరిచిన.

ఓరుగల్లు ఓల్టేజ్:
బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అన్నరు, చిక్కు వీడింది. తెరిచి ఉన్న ఫైళ్లను కాపీ చేసేటందుకు అవి షాడో కాపీని వాడుకుంటయి. కొన్ని ఆ పనిల హద్దునే ఎత్తేస్తయి, అన్‌బౌండెడ్ అంటే అదే.

3.6 తేడా ఎక్స్‌ప్లోరర్ పుణ్యం. విండోస్ ఫోల్డర్ లోపలి విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్‌ల చానా ఫైళ్లు హార్డ్ లింకులు. డిస్క్ మీద ఫైల్ ఒక్కటే ఉంటది, పేర్లు రెండు మూడు. ఎక్స్‌ప్లోరర్ పేరు పేరుకు సైజు కూడుతది. అంటే మీ 71 అసలు 67 చిల్లరే. విన్‌ఎస్ఎక్స్ఎస్ పెద్దగ కనపడ్డదని చేతితోని డిలీట్ కొట్టకుండ్రి, సిస్టమ్ లేవదు.

ఇప్పుడు చేసేది: బ్యాకప్ నడుస్తలేదని, కిందటి బ్యాకప్ ఎక్స్‌టర్నల్‌ల తెరుచుకుంటుందని చూసుకోండి. స్టార్ట్‌ల ‘క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్’ అని వెతికి, సీ మీద కాన్ఫిగర్ నొక్కి, మ్యాక్స్ యూసేజ్ జరుపుడును 5 శాతానికి తెచ్చి అప్లై. 120కి 6 జీబీ అయితది. హద్దు దాటిన పాతవి వాటంతట అవే పోతయి.

కాజీపేట లూప్‌లైన్:
సరే, నా ఫార్మాట్ మాట ఇక్కడ చెల్లలే. అయినా 5 శాతం ఎందుకు? మొత్తం టర్న్ ఆఫ్ చేసి పారేస్తే పీడ పోతది. రిస్టోర్ పాయింట్‌తోని బాగుపడ్డ సిస్టమ్ ఎక్కడుంది?

మంచిర్యాల ఎంబీఆర్:
గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయి స్క్రీన్ నల్లవడ్డనాడు ఎనకకు పోయేది దాంతోనే. ఫొటోలను అది కాపాడదు, అది నిజం. 6 జీబీ పెద్ద ఖర్చు కాదు. జాగనే కావాలంటే హైబర్నేట్ తీసెయ్యిండ్రి, ‘పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆఫ్’. 3.2 వస్తది, ఫాస్ట్ స్టార్టప్ పోతది. ఎస్ఎస్‌డీ మీద ఆ తేడా పెద్దగ తెలువదు.

పాకాల పిక్సెల్:
5 శాతం పెట్టిన. యూజ్డ్ 5.2కు దిగింది, 11 ఉన్న ఖాళీ 39 అయింది. హైబర్నేట్ ముట్టలే.

జమ్మికుంట జంక్:
పనిల పని, ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌ల స్క్రాచ్ డిస్క్‌ను (అది తాత్కాలిక ఫైళ్లు రాసుకునే డ్రైవ్) డీకి మార్చుండ్రి. పీఎస్‌డీలు కూడా డీలనే సేవ్ చేస్తే సీ మీద షాడో పెరుగుడు తగ్గుతది.

ఓరుగల్లు ఓల్టేజ్:
అది సరైన మాట. పిక్సెల్ గారు, ఈసారి బ్యాకప్ అయినంక మల్ల ఆ లిస్ట్ కమాండ్ కొట్టి చూడుండ్రి. మ్యాగ్జిమం దగ్గర 6 ఉంటే సరే. మల్ల అన్‌బౌండెడ్ అని వస్తే సాఫ్ట్‌వేరే మారుస్తున్నట్టు. అప్పుడు దాని సెట్టింగ్‌ల షాడో స్టోరేజ్ ఆప్షన్ వెతకాలె, లేకుంటే దాన్ని తీసేసి వేరేది పెట్టుకోవాలె.