నార్తర్న్ లైట్స్ చూడ్డానికి ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. అమ్మానాన్న వచ్చినప్పుడు వాళ్లకి నార్తర్న్ లైట్స్ (ఉత్తర ధ్రువం వైపు రాత్రి ఆకాశంలో కనబడే రంగురంగుల వెలుగులు) చూపించాలని చాలా కోరిక. ఇద్దరికీ చలి పడదు. ఎక్కడికి తీసుకెళ్తే మంచిదండీ?

జవాబు: అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ వెళ్లండి. ఆగస్టు చివర్నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా సీజన్. చలి పడదంటే డిసెంబర్, జనవరి మాత్రం వద్దు, సెప్టెంబర్‌లో మందపాటి జాకెట్ చాలు, పైగా పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గర్లో అరోరా (అదే, నార్తర్న్ లైట్స్) కాస్త ఎక్కువగా వస్తుంది. వేరే దేశం వీసా గొడవా ఉండదు.

జవాబు: నార్వేలో ట్రోమ్సో కూడా బాగుంటుంది, సముద్రం వల్ల చలి అంత ఘోరంగా ఉండదు గానీ మబ్బులెక్కువ. స్వీడన్‌లోని అబిస్కోలో చుట్టూ ఉన్న కొండలు మబ్బుల్ని ఆపేస్తాయి, నా ఓటు దానికే.

జవాబు: ఎక్కడైనా మూడు నాలుగు రాత్రులు ఉండండి, ఊరి దీపాలకు దూరంగా, రాత్రి పది నుంచి రెండింటి దాకా. కేపీ అంకె (భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి ఎంతుందో 0 నుంచి 9 దాకా చెప్పేది) చూసి టెన్షన్ పడొద్దు, అంత ఉత్తరాన అది 2 ఉన్నా కనబడుతుంది, మబ్బు లేకపోతే చాలు. 2024 మేలో పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా ఆకాశం ఎర్రబడింది, కానీ అలాంటిదాన్ని నమ్ముకుని టికెట్లు కొనలేం కదా.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. సెప్టెంబర్, ఫెయిర్‌బ్యాంక్స్. ఈరోజే నాన్నకి చెప్తాను.