డ్రమ్ సీడర్ వరిలో ఊద ఎక్కువైంది. ముందు యూరియా వేయాలా, కలుపు తీయాలా?

ప్రశ్న:
డ్రమ్ సీడర్‌తో (మొలకెత్తిన విత్తనాన్ని నేరుగా సాళ్లలో వేసే పరికరం) వేసిన వరి, 20 రోజుల పైరు. సాళ్ల నిండా ఊద (వరిలాగే కనిపించే గడ్డి కలుపు), అక్కడక్కడ తుంగ. వరి పాలిపోయింది, ఊద మాత్రం నిగనిగలాడుతోంది. ఎకరాకు 35 కిలోల యూరియా వేస్తే వరి తేరుకుని కలుపును మించుతుందా? పక్కన నాటు వేసిన మడిలో ఇంత కలుపు లేదెందుకు?

జవాబు 1:
ఇప్పుడు యూరియా వద్దు, అన్నా. 35 కిలోల్లో ఉండేది 16 కిలోల నత్రజని, అందులో పెద్ద వాటా ఊదే లాగేస్తుంది. ఎండ, వేడి ఉన్నప్పుడు అది వరికన్నా జోరుగా పెరిగే జాతి. ఎరువు అందితే ఇంకా ఎత్తు లేచి వరికి నీడ కడుతుంది. నీడలో వరి పిలక వేయదు. పిలకల దశ దాటాక ఎంత ఎరువు వేసినా ఆ పిలకలు తిరిగి రావు.

నాటు మడిలో 25 రోజుల నారు పెడతారు, నీళ్లు నిలుపుతారు. ఊద మొలిచేలోపే వరికి వయసొస్తుంది. డ్రమ్ సీడర్ పొలంలో రెండూ ఒకేసారి మొలుస్తాయి, పైగా మొదట్లో నీళ్లు నిలపలేం.

జవాబు 2:
ఊద 2–4 ఆకుల మీద ఉంటే బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం కలుపు మందు, ఎకరాకు 100 మి.లీ., 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టండి. ముందురోజే నీళ్లు తీసేయాలి. నీళ్లలో మునిగిన ఆకు మీద మందు పడదు, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 48 గంటల్లోపు మళ్లీ పలచగా నీళ్లు పెట్టి వారం ఆరనివ్వొద్దు. మందు నిదానంగా పనిచేస్తుంది. మూడో రోజుకు చావలేదని మళ్లీ కొట్టకండి. ఊద పసుపెక్కాకే యూరియా చల్లండి.

ప్రశ్న అడిగినవారు:
కొన్ని ఆరాకులు దాటి పిలకలేశాయి. అవి?

జవాబు 3:
వాటికి మందు సరిగా పట్టదు, చేత్తో పీకాల్సిందే. పీకేటప్పుడు ఆకు కాడను కలిసే చోట విప్పి చూడండి: పల్చని తెల్ల పొర ఉంటే వరి, ఏమీ లేకుండా నున్నగా ఉంటే ఊద. గింజ కట్టకముందే గట్టుకు చేర్చండి.

వచ్చే పంటకు విత్తిన 3–5 రోజుల్లో సేఫ్‌నర్ (మందు దెబ్బ నుంచి వరిని కాపాడే పదార్థం) కలిసిన ప్రెటిలాక్లోర్ కలుపు మందు ఎకరాకు 600 మి.లీ. వాడండి. సేఫ్‌నర్ లేని డబ్బా తెస్తే వరి మొలకే దెబ్బతింటుంది, లేబుల్ చదివే కొనండి.