నారింజ జాతి వేరుమూలాన్ని జన్యువు చూసి ఎంచవచ్చా?

మూలవేరు:
తోటల్లో పెంచే నారింజ, నిమ్మ, కమలా చెట్లలో చాలావరకు అంటుకట్టినవే. పైన కాయనిచ్చే కొమ్మ ఒక రకం, కింద వేరుమూలం మరొక రకం. ఆ వేరుమూలం మంచిదని తేల్చడానికి ఒక తరమంతా ఎదురుచూడనక్కర లేదని నా వాదన. స్వింగిల్ సిట్రుమెలో అనే వేరుమూలపు సంకరణ 1907లో జరిగితే, అది విడుదలైంది 1974లో. వరిలో వేరు ఎంత ఏటవాలుగా దిగాలో నిర్ణయించే డీఆర్‌ఓ1 జన్యువును 2013లో గుర్తించి, వేర్లు పైపైనే పరుచుకునే ఐఆర్64 అనే వరి రకంలోకి సంకరణ ద్వారా తెచ్చినప్పుడు, వేర్లు లోతుకు దిగి పైరు బెట్టను మెరుగ్గా తట్టుకుంది. పక్కవేరు పుట్టడానికి ఏఆర్‌ఎఫ్7, ఏఆర్‌ఎఫ్19 అనే ప్రొటీన్లు ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోను సంకేతాన్ని అందుకుని ఎల్‌బీడీ16 జన్యువును మేల్కొల్పుతాయని పరిశోధనల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో తేలింది. బత్తాయి జన్యుక్రమం కూడా 2013లోనే వెలువడింది కాబట్టి, నారుదశలోనే ఆకుముక్క పరీక్షించి ఎంచుకోవడానికి అడ్డేమిటి?

అంటుమొక్క:
మూలవేరు గారూ, వరి గింజ మొలిచింది మొదలు కోత దాకా ఒకే మొక్క. మన చెట్టు రెండు మొక్కల ఉమ్మడి కాపురం. నారింజ జాతి చెట్లకు సోకే ట్రిస్టెజా వైరస్‌నే తీసుకోండి. పుల్ల నారింజ గింజమొక్కగా ఉన్నంతకాలం దానికి పెద్దగా నష్టం లేదు. దాని మీద బత్తాయి అంటుకట్టి ఉంటే మాత్రం, వైరస్ సోకగానే అంటు కింది పోషకనాళాలు చచ్చిపోయి, ఆకుల్లో తయారైన ఆహారం కిందికి చేరక, వేర్లు ఆకలితో మాడిపోతాయి. 1930ల నుంచి బ్రెజిల్, అర్జెంటీనాల్లో లక్షలాది చెట్లు అలాగే పోయాయి. ఆ వేర్ల పెరుగుదల జన్యువుల్లో ఏ లోపమూ లేదు!

ఇంకొకటి, నేను కళ్లారా చూసినది చెబుతాను. సంచి చించి మట్టి కడిగితే, ఒకే గింజచెట్టు నారులో కొన్నిటికి తల్లివేరు నిటారుగా ఉంది. సంచిలో ఎక్కువకాలం ఉండిపోయిన వాటికి మాత్రం అడుగు తగిలి, పాము చుట్టలా తిరిగి, చివర నల్లబడి ఉంది. అక్కడ వేరు రూపాన్ని తీర్చినది సంచి. పైగా వేరుమూలంగా వాడే ట్రైఫోలియేట్ నారింజకు నూగువేర్లు తక్కువ, పొట్టివి కూడా. భాస్వరం అందుకునే పని చాలావరకు వేర్లతో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రమే చేసిపెడుతుంది.

పీచువేరు:
ఇద్దరూ రెండు వేర్వేరు సంగతులను ఒకే గాటన కడుతున్నారు. తెగులును తట్టుకునే గుణం ఒక్కోసారి ఒకే చోట ముడిపడి ఉంటుంది. ట్రైఫోలియేట్ నారింజలో ట్రిస్టెజాను అడ్డుకునే సీటీవీ అనే జన్యు స్థానం అలాంటిది. అక్కడ ఆకుముక్క పరీక్ష నిక్కచ్చిగా పనికొస్తుంది. వేరు లోతు, పీచువేర్ల గుబురు అలా కాదు, వాటి వెనుక ఎన్నో జన్యువుల చేయి ఉంటుంది.

అసలు చిక్కు వేరులో కాదు, గింజలో ఉందని నాకు అనిపిస్తుంది. చాలా రకాల్లో తల్లి కణజాలం నుంచే పిండాలు పుట్టుకొస్తాయి. దీనికి సిట్‌ఆర్‌డబ్ల్యూపీ అనే జన్యువు కారణమని 2017లో చూపారు. ఆ గుణం వల్లే వేరుమూలపు నారు అచ్చుగుద్దినట్లు ఒకేలా వస్తుంది. ఆ గుణం వల్లే సంకరణ చేసినా నిజమైన సంకర మొక్కలు తక్కువగా దొరుకుతాయి. వేరు జన్యువుల్లో ఏది ఏమి చేస్తుందో పోల్చి చూడటానికి కావలసిన సంతానమే చాలనప్పుడు, వరిలో జరిగింది ఇక్కడ అంత తేలిగ్గా ఎలా జరుగుతుంది?

మూలవేరు:
ఒప్పుకుంటున్నాను, అయితే సగమే. పరీక్షతో మంచిదాన్ని ఎంచలేకపోవచ్చు గాని, ఆ సీటీవీ స్థానం లేనివాటిని, తల్లి నకళ్లను నారుదశలోనే ఏరి పారేయవచ్చు. మిగిలిన వాటిలో ప్రతి వేరుమూలం మీదా కనీసం రెండు రకాల కొమ్మలు అంటుకట్టి, సంచుల్లో కాకుండా నేలలోనే పెంచి, వేర్లను తవ్వి చూడాలి. అంటుమొక్క గారూ, ఆ తవ్వకం ఎన్నో ఏట మొదలుపెట్టాలంటారు?